రెండోసారి అదిమిన చెయ్యి

ఏ సంగతైనా ముందుగా తెలిస్తే మేలని అందరూ అంటారు. ముందుగా తెలియడమే వృత్తిగా ఎంచుకున్న హైమావతి విషయంలో ఆ మాట ఎంతవరకు నిలుస్తుందో నేను గట్టిగా చెప్పలేను.

పెడనలో కలంకారీ అద్దకం చేసే ఇంట్లో పుట్టిన ఆమె 2002లో మచిలీపట్నంలో అల్ట్రాసౌండ్ టెక్నీషియన్ కోర్సులో చేరింది. ఆ వీధిలో అటువంటి చదువు చదివినవారు లేరు. పాఠాలు బస్సులో ఒక్కతే వల్లెవేసుకునేది. ఇంట్లో చెప్పినా వినేవాళ్లకు అర్థమయ్యేవి కావు. శిక్షణకు వెళ్లే స్కానింగ్ సెంటర్లో తొలి వారమే ఆమె లోపం బయటపడింది. చిన్ననాటి నుంచి చెక్క అచ్చును అరచేత్తో అదిమిన అలవాటు కొద్దీ, స్కానింగులో పొట్ట మీద ఆనించి కదిపే ప్రోబును కూడా అలాగే అదిమేది.

“గుడ్డ కాదమ్మాయ్, అది పొట్ట,” అన్నారు డాక్టర్ ఆనందరావు.

చెయ్యి తేలిక కావడానికి మూడు నెలలు పట్టింది. తెర మీద చూసినదేదీ తను చెప్పకూడదు, డాక్టరే చెప్పాలి అన్న నియమం మాత్రం సులువుగానే అబ్బింది. అంత సులువుగా అబ్బడం మంచి లక్షణమేనా అన్నది వేరే ప్రశ్న.

ఐదో నెల గర్భంతో ఉన్న వదిన మాధవీలత ఒకరోజు స్కానింగుకు వచ్చింది. డాక్టరు పక్క గదిలో మరొకరిని చూస్తుండగా హైమావతి ప్రోబు పెట్టింది. బిడ్డ రూపం కనిపించింది, గుండె కదలిక కనిపించలేదు. మళ్లీ వెతికింది. నేర్చుకున్నదంతా మరచి గట్టిగా అదిమింది. మాధవీలత ఆమె ముఖంలోకి చూసింది.

“డాక్టరుగారొచ్చి చెప్తారు వదినా,” అని హైమావతి వరండాలోకి వెళ్లి, ఆయన పిలిచేదాకా అక్కడే నిలబడింది.

ఆ తర్వాత ఇంట్లో ఆమెతో మాటలు తగ్గాయి. తెలిసీ చెప్పలేదని బంధువులు నిష్ఠూరమాడారు, ఆ చదువు మాన్పించమన్నారు. తండ్రి మాత్రం ఆమె ఇష్టానికే వదిలేశాడు. నెల గడిచాక, అద్దిన గుడ్డలు ఆరేస్తూ వదినే నోరు విప్పింది.

“రంగు పట్టకపోతేనే కదే, అచ్చు రెండోసారి అదుముతాం. నువ్వు మళ్లీ అదిమినప్పుడే నాకు తెలిసిపోయింది. నువ్వు చెప్పలేదని కాదు హైమా. నన్నొక్కదాన్నే ఆ బల్ల మీద వదిలేసి వెళ్లిపోయావు.”

వదిన మళ్లీ ఆ ప్రస్తావన తేలేదు. మునుపటిలా దగ్గరికీ రాలేదు.

హైమావతి చదువు మానలేదు. పరీక్ష ప్యాసై గుడివాడలో ఉద్యోగంలో చేరి, అక్కడే ఒక గది అద్దెకు తీసుకుంది. తను చూసింది ఇప్పటికీ చెప్పదు. డాక్టరు వచ్చేదాకా బల్ల పక్కన స్టూలు వేసుకుని కూర్చుంటుంది.