ప్రసాదం ముట్టిన వేలు

పెళ్లయి సైదాబాద్‌లోని కిరాయి ఇంటికి కాపురానికొచ్చిన మొదటి వారంలోనే నాకు అప్పగించిన పని అత్తమ్మ మూత్రం కాచడం. ఆమెకు షుగరు. గాజు గొట్టంలో నీలం మందు పోసి, మూత్రం కొన్ని చుక్కలు కలిపి, స్పిరిట్ దీపం మీద మరిగించాలి. నీలంగానే ఉంటే షుగరు లేనట్టు. ఆకుపచ్చ అయితే కొంచెం, పసుపైతే ఎక్కువ. ఇటుక రంగుకు తిరిగితే ఆ పూట ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడకూడదు. పక్కనే స్టవ్ మీద చాయ్ మరుగుతుండేది. రెండూ పొంగకుండా చూసుకోవాలి.

ఆ పద్ధతిలో ఒక సుఖం ఉంది. రంగుతో వాదించవచ్చు. అత్తమ్మ గొట్టాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, "గిది పచ్చనే బిడ్డా, ఎండకు పసుపు కొడ్తుంది" అనేది. నేను సరే అనేదాన్ని. తర్వాత వేలి రక్తంతో చూసే పట్టీలు వచ్చాయి. చుక్క పెట్టి, నిమిషం ఆగి, దూదితో తుడిచి, డబ్బా మీది రంగుల పక్కన పెట్టి పోల్చుకోవాలి. అక్కడా రెండు రంగుల మధ్య కొంత జాగా ఉండేది. అత్తమ్మ చివరిదాకా ఆ జాగాలోనే బతికింది.

నాకు షుగరు వచ్చేనాటికి మేం ఎల్బీనగర్ ఫ్లాట్‌కు మారాం. రంగులు పోయి, అంకెలు చూపే మిషన్ వచ్చింది. దాన్ని మా ఆయన తన చేతిలోకి తీసుకున్నాడు. ఆయన ఉద్యోగమంతా బస్సుల్లో టికెట్లు తనిఖీ చేయడమే. రిటైరయ్యాక పట్టుకోవడానికి ఎవరూ మిగల్లేదు, నేను తప్ప. అంకె కాస్త పెరిగితే చాలు, టికెట్ లేనివాణ్ని బస్సు దించే గొంతుతో "ఏం తిన్నవ్?" అనేవాడు.

ఒక ఏడాది వినాయక చవితికి ముందు దిల్‌సుఖ్‌నగర్‌లో మేం చూపించుకునే డాక్టరు, ఇంకోసారి మూడు వందలు దాటితే ఇన్సులిన్ మొదలుపెడదామన్నాడు. అత్తమ్మకు పొద్దూమాపూ సూది పొడిచింది నేనే. గట్టిపడిపోయిన ఆ చర్మం మీద చోటు వెతుక్కోవడం నాకింకా గుర్తుంది. నాకు ఆ సూది వద్దు. అందుకని పండగ అన్ని రోజులూ నోరు కట్టుకున్నాను.

నిమజ్జనం నాడు మా అపార్ట్‌మెంట్ గణేశుడి లడ్డూ వేలంపాటలో పై అంతస్తు వాళ్లకు దక్కింది. బాలాపూర్ లడ్డూ అంత పేరు లేకపోయినా మాదీ తలకాయంత ఉంటుంది. దాన్ని చిదిపి ఇంటింటికీ పంచే పని నాకిచ్చారు. షుగరున్న మనిషి తినదు కదా అని వాళ్ల నమ్మకం. నేను తినలేదు. పంచడం అయిపోయాక చేతులు కళ్లకద్దుకుని, కొంగుకు తుడుచుకుని ఇంట్లోకొచ్చాను. ప్రసాదం ముట్టిన చెయ్యి మోరీలోకి కడగొద్దన్నది అత్తమ్మ మాట. ఆమె పోయినా ఆ మాట మాతోనే ఫ్లాట్‌కు వచ్చింది.

ఆయన మిషన్ పట్టుకుని సోఫాలో కూర్చుని ఉన్నాడు. వేలు ఇచ్చాను. మూడు వందల ఎనభై ఆరు.

"ఎన్ని ముక్కలు తిన్నవ్?"

"ఒక్కటి గూడ తినలే."

"మరి మిషన్ అబద్ధం చెప్తదా?"

అంకెను ఫొటో తీసి డాక్టరుకు పంపాడు. రేపు పొద్దున రండి, ఇన్సులిన్ మొదలుపెడదాం అని జవాబొచ్చింది. నాకు సూది భయం కూడా ఆ క్షణంలో వెనక్కి పోయింది. ఇన్నేళ్లు కాపురం చేసిన మనిషి నా మాట కన్నా అరచేతిలో పట్టే ఒక డబ్బా మాట నమ్మాడు. చాలా బాధేసింది. అపార్ట్‌మెంటంతా నమ్మి లడ్డూ చేతికిస్తే, ఇంట్లో మనిషి నమ్మలేదు.

"మిషనే ఖరాబైందేమో" అన్నాను.

"ఎందుకైతది? ఉండు, చూపిస్త" అని తన వేలు తనే పొడుచుకున్నాడు. ఆయనకు షుగరు లేదు. కాకపోతే తన వాటా లడ్డూ, నా వాటా లడ్డూ అప్పుడే తిని, చెయ్యి తలకు రాసుకుని కూర్చున్నాడు. నాలుగు వందల పన్నెండు.

కళ్లజోడు తీసి తుడిచి మళ్లీ చూశాడు. తర్వాత, "మిషన్ ఖరాబైంది" అన్నాడు.

"నా వేలు పెట్టినప్పుడు మంచిగనే ఉండె గద" అన్నాను.

ఆయన ముఖం పాలిపోయింది. అప్పుడు చూశాను, ఆయన బొటనవేలి మీద చీమ నడుస్తోంది. నా చేతివేళ్లు ఒకదానికొకటి అంటించి చూశాను. అతుక్కున్నాయి.

ఇద్దరం వెళ్లి సబ్బుతో చేతులు కడుక్కున్నాం. అత్తమ్మ క్షమించాలి. మళ్లీ పొడిస్తే ఆయనకు నూట నాలుగు, నాకు నూట నలభై ఎనిమిది. ఆయన డాక్టరుకు "సారీ సార్, ప్రసాదం" అని మెసేజ్ పెట్టాడు. డాక్టరు రెండు చేతులు జోడించిన బొమ్మ పంపాడు. నాకు మాత్రం ఆయన సారీ చెప్పలేదు. ఆ వారమంతా గిన్నెలు తోమాడు.

ఇప్పుడు భుజానికి బిళ్ల లాంటిది అంటించారు. పొడవడం లేదు, చుక్క లేదు. నా షుగరు ఎప్పటికప్పుడు ఆయన ఫోన్‌లో గీతలా కనిపిస్తుంది. ముందు నన్ను అడిగి, ఆ తర్వాతే ఫోన్ చూస్తాడు. అది మా మధ్య ఒప్పందమేమీ కాదు, ఆయనే అలవాటు చేసుకున్నాడు.

మొన్న పక్కింటివాళ్లు పంపిన మైసూర్‌పాక్ వంటింట్లో నిలబడి రెండు ముక్కలు తిన్నాను. కాసేపటికి ఆయన వచ్చి ఏమన్నా తిన్నావా అన్నాడు. తినలేదన్నాను. ఫోన్ చూశాడు. గీత నిటారుగా పైకి పోతోంది, నాకూ కనిపిస్తూనే ఉంది. ఆయన ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

"చేతులు కడుక్కో పో" అన్నాడు.

భుజం మీది బిళ్లకూ చేతులకూ సంబంధం లేదని ఆయనకు తెలుసు. నేను లేచి వెళ్లి సబ్బుతో శుభ్రంగా కడుక్కున్నాను.