అవ్వ చెట్టు కింద నా జెండా

నా చిన్నప్పుడు మేమున్న చోట ఎరుపు తప్ప వేరే రంగు కనిపించేది కాదు. బస్తర్ కొండల్లో ఇనుపరాయి తవ్వే గనిలో మా నాన్న డంపర్ నడిపేవారు. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఆ గని కాలనీలో క్వార్టర్‌లో ఉండేవాళ్లం. ఉతికి ఆరేసిన తెల్లచొక్కా సాయంత్రానికి ఎర్రగా అయ్యేది. మా అమ్మ రోజూ ఆ దుమ్మును తిట్టుకుంటూనే ఉండేది.

కాలనీ క్లబ్బులో ఒక్కటే టీవీ, అదీ నలుపు తెలుపు. నాకు పదేళ్లప్పుడు ఒక ఆదివారం పొద్దున అందులో ఒక కథ వచ్చింది. ముగ్గురు మనుషులు రాకెట్‌లో ఎవరికీ తెలియని గ్రహం మీద దిగారు. జెండా పాతారు, సీసాల్లో మట్టీ ఆకులూ నింపుకున్నారు. చివర్లో ఒకడు అక్కడి చెట్టు నుంచి కాయ కోశాడు. కోయగానే చుట్టూ ఉన్న చెట్లన్నీ ఊగాయి, రాకెట్ తలుపు దానంతటదే మూసుకుపోయింది. మిగతాది వచ్చే వారం అన్నారు. అయ్యో, వారం రోజులు ఆగడమంటే మాటలా! టీవీలో రంగు లేకపోయినా ఆ గ్రహం ఎర్రగానే ఉంటుందని నేను తేల్చేశాను.

మర్నాడు నాన్న నైట్ షిఫ్టు చేసి వచ్చి పడుకున్నారు. బడి నుంచి రాగానే ఆయన హెల్మెట్ నా తలకెక్కింది. చేతిలో ఖాళీ జామ్ సీసా, ఒక పుల్ల, దానికి కట్టిన నా జేబురుమాలు. కొండ దిగితే గోండుల పల్లె. దాని పక్కన ఒక మామిడిచెట్టు, కొమ్మలు నేలకు వంగి ఉన్నాయి. జెండా పాతాను. సీసాలో కాస్త మట్టి, రెండు గండుచీమలు, ఒక ఆకు వేశాను. తరవాత ఒక కాయ కోసి కొరికాను. పళ్లు జివ్వుమన్నాయి. సగం తిని పారేసి, గ్రహాన్ని జయించినంత గర్వంగా ఇంటికొచ్చాను. జెండా అక్కడే మరిచిపోయాను.

ఆ వారంలోనే శ్రీరామనవమి వచ్చింది. అమ్మ పానకం కలిపి, వడపప్పు నానబెట్టి, రాముడి పటం ముందు పెట్టింది. నైవేద్యం అయ్యేదాకా ఆ దరిదాపులకు కూడా రావద్దని పొద్దుటి నుంచీ నన్ను గదమాయిస్తూనే ఉంది. నాకేమో నోరూరిపోతోంది.

అప్పుడే ఆకుల అవ్వ వచ్చింది. ఆ పల్లె నుంచి మాకు విస్తరాకులూ చింతపండూ తెచ్చే ముసలామె. ఆంధ్రా సరిహద్దులో ఉన్న కొంట దగ్గర పెరిగిందట, అందుకే తెలుగు చక్కగా వచ్చేది. ఎప్పుడూ గుమ్మం బయటే ఆగి, అమ్మ రమ్మన్నాక గాని అడుగు పెట్టేది కాదు. ఆ రోజు మాత్రం నేరుగా లోపలికి వచ్చేసింది. చేతిలో ఒక సొరకాయ బుర్ర. మా గూట్లోంచి పసుపు చిటికెడు తీసి అందులో వేసింది. కుండీలోంచి తులసాకు తుంచి వేసింది. అమ్మ నోరు తెరిచి చూస్తూ నిలబడిపోయింది. అవ్వ తిన్నగా పటం దగ్గరికి వెళ్లి, పానకం గ్లాసు మీదికి చెయ్యి చాచింది.

నేను ఇల్లెగిరిపోయేలా అరిచాను. దేవుడికి పెట్టకముందే ముట్టుకోకూడదని అరిచాను.

అవ్వ చెయ్యి గ్లాసుకు జానెడు దూరంలో ఆగిపోయింది. నిమ్మళంగా వెనక్కి తీసుకుంది. "ఓహో, మీకూ ఉందా ఈ నియమం? మాకే ఉందనుకున్న పాపా" అంది. కొంగు ముడి విప్పి, మడిచిన జేబురుమాలు నా చేతిలో పెట్టింది. దాని మూల అమ్మ కుట్టిన నా పేరు మొదటి అక్షరం ఉంది.

ఆ చెట్టు అవ్వదట. వాళ్ల పల్లెలో కొత్త మామిడికాయను ముందు నేలతల్లికీ, పోయిన పెద్దలకూ పెట్టి పండగ చేసుకుంటారు. ఆ పండగ కాకముందు ఎవరూ కాయ కొరకరు. కొరికి పారేసిన కాయ అవ్వ చెట్టు కింద దొరికింది గనక తప్పు అవ్వదే అన్నారు పల్లెవాళ్లు. తిన్నదెవరో తేలకపోతే వచ్చే ఆదివారం పండగలో ఆమె అందరితో కూర్చోకూడదు. అందరికన్నా ముందు చెట్టు దగ్గరికి వెళ్లింది ఆమే. మా దండెం మీద ఆరేసినప్పుడు చూసిన రుమాలే అని గుర్తుపట్టి, జెండా పీకి కొంగులో దాచేసింది. నా పేరు ఎవరికీ చెప్పలేదు. నేను అక్కడ చేసిందే మా ఇంట్లో చేసి నాకు చూపించింది, అంతే.

నాకు ఏడుపు ముంచుకొచ్చింది. అమ్మ నా వీపు మీద ఒక్కటి వేసింది. "ఏటే ఈ పని? ఆదివారం నాతో రా, నీ నోటితో నువ్వే చెప్పు" అంది. ఆదివారమంటే టీవీలో రెండో భాగం! ఆ మాట గొంతు దాకా వచ్చింది. అవ్వ మొహం చూసి మింగేశాను.

ఆదివారం అమ్మ కొబ్బరికాయ పట్టుకుంది, నేను నాన్న హెల్మెట్‌ను ఈసారి నెత్తిన పెట్టుకోకుండా చేత్తో పట్టుకున్నాను. పల్లె మొదట్లో మమ్మల్ని ఆపి, పిలిచేదాకా ఇక్కడే ఉండాలని అవ్వ చెప్పి వెళ్లింది. ఎండలో చాలాసేపు నిలబడ్డాం. క్లబ్బులో ఇప్పుడు రాకెట్ తలుపు తెరుచుకుంటూ ఉంటుందని మనసులో పీకుతూనే ఉంది. చివరికి ఒకామె నీళ్ల చెంబుతో వచ్చి పిలిచింది. అందరి ముందూ చేతులు కట్టుకుని, తిన్నది నేనే అని చెప్పాను. అవ్వ దాన్ని వాళ్ల మాటలో చెప్పింది. ఊరి పెద్ద నన్ను ఏదో అడిగాడు. "పుల్లగున్నదా అని అడుగుతున్నడు" అంది అవ్వ. చాలా పుల్లగా ఉందన్నాను. అందరూ గొల్లుమన్నారు. శిక్ష కాయే వేసేసిందన్నాడట పెద్దాయన. అవ్వను చెయ్యి పట్టుకుని వరసలో కూర్చోబెట్టారు, మమ్మల్ని ఆమె పక్కనే. నేలకూ పెద్దలకూ పెట్టాక, ఆకుదొన్నెలో బెల్లం కలిపిన మామిడి ముక్కలు ఇచ్చారు. అవ్వ తన దొన్నెలోంచి ఒక ముక్క తీసి నా నోట్లో పెట్టింది.

ఆ గ్రహం మీద ఏం జరిగిందో నేను చూడలేదు. మర్నాడు బడిలో ముగ్గురు మూడు రకాలుగా చెప్పారు. ఆ మనుషులు ఎలా బయటపడ్డారో నాకు ఈనాటికీ తెలియదు.

ఇప్పుడు మేము విశాఖపట్నంలో ఉంటున్నాం. ఉగాది పచ్చడిలో నేను పోయినేటి మామిడి ఒరుగులే వేస్తాను. మార్కెట్ నిండా కొత్తకాయలు పెట్టుకుని ఇదేం చాదస్తమని మా కోడలు నవ్వుతుంది. నవ్వనీ. అవ్వ పోయి చాలా ఏళ్లయింది. ఏటా ఎండలు ముదిరాక ఆమె మనవరాలు ఫోన్ చేస్తుంది. "పండగ అయింది అక్కా, ఇక తినొచ్చు" అంటుంది. ఆ రోజే బజారుకు వెళ్లి కాయలు కొనుక్కొస్తాను.