తలుపు దగ్గర ఆగే మనిషి

మొన్న శుక్రవారం, లీవు నుంచి తిరిగొచ్చిన మా ఊరాయన కరామాలోని మా గదిలో సంచీ దించకముందే చెప్పాడు. "మీ కాక పోయిండురా. ఇరవై రోజులాయె." నాకు ఏడుపు రాలేదు. మంచం మీద కూర్చున్నాను.

వరసకు కాక, అంటే చిన్నాన్న. దుబాయ్ శివార్లలో ఒక షేక్ గారి తోటలో జంతువుల్ని చూసుకునేవాడు. నన్ను తెచ్చి తన కింద పనిలో పెట్టించాడు. తరవాత వయసు మీదపడి తను ఊరికి వెళ్లిపోయాడు. ఊళ్లో రాళ్లేసి తరిమిన కోతులకే ఇక్కడ అరటిపళ్లు ఒలిచిపెట్టడం మా ఉద్యోగం.

వాటిలో ఒకటి వట్టి పిరికిది. కొత్త మనిషి కనబడితే మూలకు నక్కి తిండి మానేసేది. దానికి పాలు పడకపోతే, పుట్టిన పిల్లను కాక వేరే బోనులో ఇంకో తల్లికి అలవాటు చేశాడు. ఆ తల్లి మా ముదీర్, అంటే మేనేజరు, టోపీనే లాక్కున్న గడుసుది. దాని ఒళ్లో పెరిగితే పిల్లకు ధైర్యం వస్తుందనుకున్నాం. ఏడాది తిరిగేసరికి పిల్లదీ అదే నక్కడం. కన్నతల్లి మొహం అది ఎరగదు. తిండి మాత్రం మానలేదు.

ముదీర్ గొంతు వింటే నా చేతిలో బకెట్ జారేది. విసిగిపోయి, పిరికి పిల్లనూ నన్నూ పంపించేస్తాను, ఖలాస్ అన్నాడు. కాక వచ్చీరాని హిందీలో బతిమాలాడు. వీడి తండ్రీ ఇంతే సాబ్, భయపడతాడు కానీ పని వదలడు అని. నాకు తల తీసేసినట్టయింది.

"మా నాయినను కోతితోని జమకట్టినవా కాకా?"

"నెత్తుర్ల వచ్చినదానికి నువ్వేం జేస్తవ్ రా? అదేం జేస్తది? తలుపుకాడ జర ఆగాలె, గంతే."

ముదీర్ మెత్తబడ్డాడు. పిల్లా నేనూ ఇద్దరం తోటలోనే ఉండిపోయాం.

కాక దాని బోను తెరిచే ముందు దగ్గి, కాసేపు ఆగేవాడు. లోపల దానికి వీపు తిప్పి కూర్చునేవాడు. "సూస్తే బెదుర్తది. సూడకుంటే అదే వస్తది." నాకు పని చెప్పేటప్పుడూ ఎటో చూస్తూ చెప్పేవాడు. అది పొగరనుకున్నాను ఇన్నేళ్లూ.

నిన్న మధ్యాహ్నం ధ్యాస లేక, దగ్గకుండానే తలుపు తీశాను. ఇప్పుడు ముసలిదైన ఆ పిల్ల ఎగిరి మూలకు నక్కింది. వీపు తిప్పి కూర్చున్నాను. అప్పుడొచ్చింది ఏడుపు. చాలాసేపటికి చిన్న వేళ్లు నా చొక్కా కాలర్ పట్టుకున్నాయి. వణుకుతూనే ఉన్నాయి. నేను తిరిగి చూడలేదు.