ఖోర్ ఫక్కాన్ దిగుడు దారిలో రెండు పికప్పులు

మామాకి సముద్రం పక్కన రెండు రోజులు ఉండాలనిపించింది. ఈ ప్రయాణానికి అదే కారణం. మామా అంటే నేను నర్సుగా పనిచేస్తున్న దుబాయ్ ఇంటి పెద్దావిడ. వయసు డెబ్బై తొమ్మిది. పుట్టింది ఖోర్ ఫక్కాన్‌లో, చేపలు పట్టే ఇంట్లో. తుంటి ఆపరేషన్ అయ్యాక ఆవిడ హోటల్ మంచం మీద పడుకోనన్నారు, బంధువుల ఇళ్లకూ రానన్నారు. దాంతో ఆవిడ కొడుకు, మేమంతా అర్బాబ్, అంటే యజమాని, అని పిలిచే ఆయన, వాడిన క్యారవాన్ ఒకటి కొన్నారు. లోపల మంచం, చిన్న వంటిల్లు, స్నానాలగది ఉన్నాయి. సామానుతో కలిపి రెండున్నర టన్నులు తూగింది. దాన్ని లాగడానికి పికప్పు ఇంకా కొనలేదు.

పికప్పు ఎంచే పని డ్రైవర్ గంగారాం మీద పడింది. ఆయనది నిర్మల్ దగ్గర పల్లె. ఈ ఇంటికి రాకముందు మఫ్రఖ్‌లో కూలీల క్యాంపులో ఉంటూ కంపెనీ లారీ నడిపాడు. అల్ ఖూజ్‌లో అర్బాబ్‌కు తెలిసిన వర్క్‌షాపులో అమ్మకానికి మూడు పికప్పులున్నాయి. ఆరు సిలిండర్ల పెట్రోలు బండిని గంగారాం తలుపు మీద లాగే బరువు రాసి ఉన్న పట్టీ చదివి పక్కన పెట్టేశాడు. క్యారవాన్ బరువు దాని పరిమితికి అంచున ఉందట. మిగిలినవి రెండు. ఒకటి నాలుగు సిలిండర్ల టర్బో డీజిలు, చిన్న బండి. రెండోది ఎనిమిది సిలిండర్ల పెట్రోలు, పొడుగ్గా ఎత్తుగా ఉండే అమెరికా రకం.

గంగారాం మనసంతా డీజిలు మీదే ఉంది.

"మహబూబ్ ఘాట్ల పదేండ్లు డీజిల్ లారీ నడిపిన సిస్టరమ్మా. డీజిల్ గుంజినట్టు పెట్రోల్ గుంజది" అన్నాడు నాతో. మహబూబ్ ఘాట్ వాళ్ల నిర్మల్ దగ్గరి కొండదారి.

అర్బాబ్ ఒక మాట చెప్పారు. రెండు బండ్లూ తీసుకెళ్లండి, పోయేటప్పుడు ఒకదానికి, వచ్చేటప్పుడు ఇంకోదానికి క్యారవాన్ తగిలించండి, ఆదివారం సాయంత్రానికి ఏది కొనాలో చెప్పండి అని. ఖాళీ బండితో పరీక్ష చెయ్యడం దండగ అన్నాడు గంగారాం. నేను వస్తాను, నా బరువు కూడా చూసుకోండి అన్నారు మామా. ఆవిడ వస్తే నేనూ వెళ్లాలి.

కరోనా ఆంక్షలు ఎత్తేసిన తర్వాతి చలికాలం అది. శనివారం ఉదయం ఆరున్నరకు అల్ ఖూజ్ నుంచి బయలుదేరాం. డీజిలు పికప్పుకు క్యారవాన్ తగిలించారు. గంగారాం స్టీరింగు ముందు, నేను పక్కన, మామా వెనక సీట్లో. బయలుదేరేముందు మామా క్యారవాన్‌లో మంచం మీద పడుకుని వస్తానని పట్టుబట్టారు. నడుస్తున్న క్యారవాన్‌లో మనుషులు ఉండకూడదని గంగారాం ఆవిడకు వచ్చిన హిందీలోనే చెప్పాడు. రెండుసార్లు అడిగి, మూడోసారి ఒప్పుకున్నారు. వర్క్‌షాపు మెకానిక్ షఫీక్ భాయ్ పెషావర్ మనిషి, ఖాళీ పెట్రోలు బండిలో మా వెనకే వచ్చాడు.

గంగారాం నాకొక పని అప్పగించాడు. పది నిమిషాలకోసారి వేగమూ, ఇంజను వేడి చూపే ముల్లూ ఎక్కడున్నాయో రాయాలి. రోగి చార్టు రాసే చేతికి అదేం కష్టం కాదు. ఎమిరేట్స్ రోడ్డు మీద వేగం ఎనభై, ముల్లు మధ్యలో. ఏడూ ఇరవైకి షార్జా దాటాక రోడ్డు పక్క హోటల్లో ఆగి పరాటాలు తిని కరక్ చాయ్ తాగాం. చాయ్ దిర్హమున్నర. మామా చాయ్ బండిలోనే తాగారు. ఈ దారిన పెద్దవాళ్లతో వచ్చేవారు ఇక్కడే మరుగుదొడ్డికి వెళ్లి రావడం మంచిది, కొండలు మొదలయ్యాక చాలాసేపు ఏమీ దొరకదు.

కొండలు ఎనిమిదిన్నరకు మొదలయ్యాయి. ఎక్కుడులో డీజిలు బండి వేగం అరవైకి పడిపోయింది, కానీ ఆయాసపడలేదు. ముల్లు మధ్య గీత దాటి కొద్దిగా పైకి జరిగి అక్కడే నిలిచింది. గంగారాం ముఖం వెలిగిపోయింది. మామా కిటికీలోంచి గోధుమరంగు కొండలు చూస్తూ, చిన్నప్పుడు ఈ దారిలో గాడిదల మీద రెండు రోజులు పట్టేదని చెప్పారు. సొరంగాలు ఒకటి తర్వాత ఒకటి వచ్చాయి.

తొమ్మిదింటికి ఒక సొరంగం దాటి దిగుడులోకి వచ్చాం. బయటికి రాగానే పక్కగాలి కొట్టింది. మా వెనక క్యారవాన్ ఎడమకు ఊగింది, తర్వాత కుడికి, తర్వాత ఇంకా ఎక్కువగా ఎడమకు. పికప్పు తోకను ఎవరో పట్టుకుని ఆడిస్తున్నట్టయింది. గంగారాం బ్రేకు తొక్కలేదు. స్టీరింగు తిప్పకుండా బిగించి పట్టుకుని యాక్సిలరేటర్ మీంచి కాలు తీశాడు. డాష్‌బోర్డు కింద క్యారవాన్ బ్రేకులకు వేరే మీట ఉంటుంది, దాన్ని చేత్తో మెల్లగా నొక్కాడు. ఊపు తగ్గడానికి పది సెకన్లు పట్టిందేమో. నేను వెనక్కి చెయ్యి చాపి మామా మోకాలు గట్టిగా పట్టుకున్నానని తర్వాత చూసుకున్నాను.

రఫీసా డ్యామ్ దగ్గర విశ్రాంతి స్థలంలోకి గంగారాం బండి తిప్పి ఆపాడు. ఏమైందని మామా అడిగారు. గాలి అని చెప్పి ఊరుకోవచ్చు. గంగారాం అలా అనలేదు.

"గాడీ హిల్ గయా మామా. మేరేకు భీ డర్ లగా" అన్నాడు. బండి ఊగింది, తనకూ భయమేసింది అని.

షఫీక్ భాయ్ వచ్చి క్యారవాన్ తలుపు తీసి లోపలికి చూశాడు. వెనక అల్మారా తెరిచి నాలుక చప్పరించాడు. మామా ఆక్సిజన్ యంత్రం, చక్రాల కుర్చీ, బియ్యం బస్తా, ఖర్జూరం పెట్టెలు అన్నీ అందులోనే ఉన్నాయి. పెద్ద అల్మారా కదా అని నేనే పెట్టించాను. నీళ్ల ట్యాంకు కూడా వెనకే ఉంది. అక్కడ మంచినీళ్లు దొరుకుతాయో లేదోనని ముందురోజు అంచుదాకా నింపించింది కూడా నేనే.

గంగారాం నన్ను తిట్టలేదు. "ఎడ్లబండి తోక బరువైతే ఏమైతది సిస్టరమ్మా? కాడి లేస్తది. గిదీ గంతే" అన్నాడు. క్యారవాన్‌లో ఇరుసుకు ముందు కొంచెం ఎక్కువ బరువుండాలి, అది పికప్పు కొక్కెం మీద ఒత్తాలి. వెనక ఎక్కువైతే కొక్కెం తేలిపోయి తోక ఊగుతుంది. బయలుదేరే ముందు తాను చూడాల్సింది, చూడలేదు అని కూడా ఒప్పుకున్నాడు.

ట్యాంకులో నీళ్లు సగానికి పైగా వదిలేశాం. బరువైనవన్నీ ముందుకు, ఇరుసుకు దగ్గరగా మార్చి తాళ్లతో కట్టాం. నేనూ మామా డ్యామ్ నీళ్లు చూస్తూ కూర్చున్నాం. మగవాళ్లిద్దరూ అదే డీజిలు బండితో వెనక్కి వెళ్లి, అదే దిగుడు మళ్లీ దిగి వచ్చారు. ముప్పావు గంట పట్టింది. ఈసారి ఊగలేదు. అయినా గంగారాం ముందంత హుషారుగా లేడు. గాలి కొట్టినప్పుడు క్యారవాన్ చిన్న బండిని ఇంకా కొంచెం తోస్తూనే ఉందట.

పదకొండున్నరకు ఖోర్ ఫక్కాన్ చేరాం. అర్బాబ్ చిన్నాన్న వాళ్ల పెరట్లో, సముద్రానికి వంద అడుగుల దూరంలో క్యారవాన్ నిలిపాం. మధ్యాహ్నం కాల్చిన చేప, అన్నం. మామా నా చెయ్యి పట్టుకుని నీళ్లదాకా నడిచి పాదాలు తడుపుకున్నారు. ఆపరేషన్ తర్వాత ఇసుకలో నడవడం అదే మొదలు.

సాయంత్రం ఐదింటికి అర్బాబ్‌కు ఫోన్ చెయ్యాలి. ఊగిన సంగతి చెప్పాలా వద్దా అని గంగారాం చాలాసేపు తటపటాయించాడు. చెబితే తల్లిని ఇక పంపరేమో, తన మీద నమ్మకం పోతుందేమో. ఆస్పత్రిలో తప్పు జరిగితే చార్టులో రాయాలని నాకు నేర్పారు. ముందు నా తప్పు నేను చెబుతానన్నాను. సామాను సర్దింది నేనని అర్బాబ్‌కు ఇంగ్లీషులో చెప్పి, ఫోన్ గంగారాంకిచ్చాను. అటునుంచి అర్బాబ్ గొంతు పెరిగింది. క్యారవాన్ అక్కడే వదిలేసి, నేను పంపే కారులో మామాను ఎక్కించండి అన్నారు.

మామా చెయ్యి చాపి ఫోన్ తీసుకున్నారు. అరబీలో మాట్లాడింది నాకు సగమే అర్థమైంది. డ్రైవర్ భయపడ్డాడు, భయపడ్డానని నాకు చెప్పాడు, అలాంటి మనిషితోనే వస్తాను అన్నది ఆ సగం. ఫోన్ తిరిగి గంగారాం చేతిలో పెట్టి, "ఖలాస్" అన్నారు, ఇక ఆ మాట అయిపోయిందన్నట్టు.

ఆదివారం మధ్యాహ్నం రెండింటికి తిరుగు ప్రయాణం. ఈసారి క్యారవాన్ పెట్రోలు బండికి. ఆ ఎత్తు బండిలోకి మామాను ఎక్కించడానికి గంగారామూ షఫీక్ భాయీ చెరోవైపు ఎత్తాల్సి వచ్చింది. ఆవిడ కళ్లు మూసుకున్నారు.

ఎక్కుడులో ఎనిమిది సిలిండర్ల బండి ఎనభైలోనే పోయింది. ఏసీ వేసినా ముల్లు కదల్లేదు. నా చార్టులో ఒకే అంకె వరుసగా పడింది. గేరు మారినప్పుడు మాత్రం ఇంజను పెద్దగా రొద పెట్టింది. సొరంగం బయట నిన్నటిలాగే గాలి కొట్టింది, బండి బరువుకు క్యారవాన్ వినయంగా వెంట వచ్చింది. పెట్రోలు మాత్రం కళ్లముందే దిగిపోయింది.

"ఇదే కొనమంట" అన్నాడు గంగారాం. "డీజిల్ మంచిదే. గుంజుతది. కానీ వెనక మామా ఉన్నప్పుడు నాకు గుంజుడు గాదు, నిలుసుడు గావాలె."

నాలుగింటికి షార్జా ముందు పెట్రోలు బంకులో ఆగాం. మరుగుదొడ్డికి వెళదామని మామాను అడిగాను. వద్దన్నారు. నీళ్లివ్వబోతే అదీ వద్దన్నారు. సీటు పక్కన పెట్టిన సీసా చూశాను. మధ్యాహ్నం నేను ఎలా ఇచ్చానో అలాగే నిండుగా ఉంది. పెదవులు ఎండిపోయి ఉన్నాయి. మెల్లగా అడిగితే చెప్పారు. తాగితే దిగాలి, దిగితే మళ్లీ ఇద్దరు మగవాళ్లు ఎత్తాలి.

రెండు రోజులు వేడి ముల్లు రాస్తూ వచ్చాను. పక్కనున్న మనిషి నీళ్లు తాగలేదని రాయలేదు.

గంగారాంకి చెప్పాను. నేరుగా ఇంటికి పోకుండా, ట్రాఫిక్ దాటుకుని ఆరింటికి బండిని అల్ ఖూజ్ వర్క్‌షాపులోకి తిప్పాడు. మామాను చివరిసారిగా ఎత్తి దించి కుర్చీలో కూర్చోబెట్టారు. నేను ఆవిడను ఆఫీసు వెనక మరుగుదొడ్డికి తీసుకెళ్లి తీసుకొచ్చాను. ఆ అరగంటలో షఫీక్ భాయ్ ఇనప రేకు కోసి, కింద ఒకటి, పైన ఒకటి బండి తలుపు కింద రెండు మెట్లు వెల్డింగుతో అతికించాడు. తలుపు లోపల పట్టుకోవడానికి కడ్డీ బిగించాడు. చల్లారేదాకా పావుగంట ఆగమన్నాడు.

అర్బాబ్‌కు గంగారాం అక్కడి నుంచే ఫోన్ చేశాడు. పెద్ద బండి కొనండి, మెట్లు మేం పెట్టించాం అన్నాడు. ఆయన మెట్లెందుకని అడగబోతే, మామా వచ్చాక అడగండి అన్నాడు.

ఏడింటికి మామా కుర్చీలోంచి లేచారు. ఎడమ చేత్తో కడ్డీ పట్టుకుని మొదటి మెట్టు మీద కాలు పెట్టి ఆగారు. నా చేతులు ఆవిడ వెనకే ఉన్నాయి, ముట్టుకోలేదు. మగవాళ్లిద్దరూ అటు తిరిగి నిలబడ్డారు. రెండో మెట్టు ఎక్కి, తనే సీట్లో కూర్చుని, అబాయా సర్దుకున్నారు.

తర్వాత నీళ్లు అడిగారు.