ఒళ్లో ఉమ్మెత్త పూల రకాబీ

ఎనభై ఏడు ఎండకాలం. హైదరాబాద్‌లో పొద్దున ఎనిమిదింటికి దేవరకొండ బస్సెక్కిన. టికెట్ ఒక్కటే తీసుకున్న గని ప్రయాణం ఇద్దరిది: నేను, నా ఒళ్లో రెండు తువాలలల్ల చుట్టిన పింగాణీ పళ్లెం, అదే రకాబీ.

అది దేవరకొండల ఉండే నా దోస్తు ఖదీర్ వాళ్ల అమ్మది; నేను సుత ఆమెను అమ్మీ అనే పిలుస్త. రెండువందల ఏండ్ల కిందట ఇంగ్లండుల చేసింది. మధ్యల ఉమ్మెత్త మొక్క. తెల్లపువ్వు, ముండ్లకాయ, ఆకు ఈనెలతో సహా గీసి ఉన్నయి. ఆమెకు తన తల్లి గుర్తుగా మిగిలింది అదొక్కటే. నల్లగొండ కాలేజీల చెట్ల పాఠాలు చెప్పుకునే నేను, పట్నంల పాత పింగాణీ సంగతి తెలిసినాయనకు చూపిస్తనని బతిమాలి తెచ్చిన. "ఎట్ల తీస్కపోతున్నవో గట్లనే తేవాలె బేటా" అన్నది.

పట్నపాయన మెచ్చుకున్నడు. మొక్కను ఎదురుంగ పెట్టుకొని గీసినట్టుందన్నడు. ఊకోకుంట ఇంకోమాట కూడా అన్నడు: "బట్టీల కాల్చేటప్పుడు పడ్డ లోపాలు కనబడకుంట వాటి మీద ఆకులు, పురుగులు గీసేటోళ్లు."

మాల్ ఊరు దాటినంక బస్సు గుంతల పడ్డది. ఒళ్లో 'టక్'మన్నది. మోకాలో, రకాబీనో!

పక్కసీటు అవ్వ అడిగింది: "ఏంది బిడ్డా, గుడ్లా?"

"గుడ్లయినా బాగుండు అవ్వా, మళ్ల కొనిద్దును."

తువాల కొస లేపి చూసిన. ఉమ్మెత్త కాడ కింద వెంట్రుకంత గీత. పొద్దున చూసినట్టు యాదికి లేదు. పగులును దాచే తీగెనా, తీగె లెక్క దాగిన పగులా? పాఠం చెప్పేటోనికి పాఠమే అయింది.

అవ్వ తొంగిచూసింది. "అన్నం తినే దాని మీద ఉమ్మెత్తనా! ఎవల్ని సంపనీకి?"

"ఇప్పటికైతే నన్నే."

మల్లేపల్లిల చాయ్ తాగనీకి అందరు దిగిండ్రు. నేను దిగలే. దేవరకొండల దిగినంక రిక్షా ఎక్కలే, నడిచే పోయిన.

అమ్మీ పూలను చూడలే. రకాబీని మూడు వేళ్ల మీద నిలబెట్టి, కుండ కొనేటప్పుడు కొట్టినట్టు అంచు మీద గోటితోని కొట్టింది. ఖంగుమన్నది, ఆ మోత చానసేపు ఆగలే.

"అమ్మీ, ఆ గీత…"

"అది ఉమ్మెత్త వేరు బేటా, బొమ్మల గీసిందే. చిన్నప్పుడు పురుగనుకొని నేనే గోటితోని గీకిన. పోలే."

అందులనే అన్నం, పుల్లటి ఖట్టి దాల్ పెట్టింది. మునివేళ్లతోని, ముద్దముద్దకు భయపడుకుంట తిన్న.

నాలుగింటికి నల్లగొండ బస్సు. కిటికీ పక్క సీటు, హాయైన గాలి, ఒళ్లో ఏం లేదు. అయినా గుంత వచ్చినప్పుడల్ల నా రెండు చేతులు వాటంతటవే పైకి లేస్తనే ఉన్నయి.