అక్క చెప్పని సాక్ష్యం

మొన్న ఆదివారం పొద్దున ఇడ్లీ పిండి పోస్తుండగా, మా అక్క పోయిందని సూర్యాపేట నుంచి ఫోన్ వచ్చింది. హైకోర్టు జడ్జిగా రిటైరైన మనిషి. సాక్ష్యాల చట్టం మీద ఆమె రాసిన పుస్తకం లా కాలేజీల్లో చదువుతారు. నేను మిర్యాలగూడలో ఇల్లు చూసుకునే ఆమె చెల్లెలిని. నా అసూయ దాచి మంచి మాటలే రాస్తే ఆమెకే నచ్చదు.

కోదాడలో మొదటి పోస్టింగు నుంచి ఆమె గురించి పేపర్లో వచ్చిన ప్రతి ముక్కనూ తేదీల వరుసన ఫైలు చేశాను. ప్రేమ అనుకునేవాడు మా ఆయన. ఎక్కడైనా తప్పు దొరుకుతుందేమోనని నా ఆశ. నిఘంటువు పక్కన పెట్టుకుని పుస్తకమంతా చదివితే ఒక్కటి దొరికింది, విషయసూచికలో ఒక పేజీ నంబరు. వెంటనే ఫోన్ చేశాను.

"మంచిగ పట్టినవే! ఇంకేమన్న ఉన్నయేమో సూడు" అంది. ఆ సంతోషమూ నాకు మిగల్చలేదు.

సాక్షి మాట్లాడుతుంటే పెన్ను కింద పెట్టేదట. ముందు వినేది, తర్వాతే రాసుకునేది. ఇంట్లోనూ అంతే. పప్పులో ఉప్పెక్కువైందని ఎవరన్నా అంటే, తను తిని చూడందే అవుననేది కాదు.

ఆమె హైకోర్టుకు వెళ్లినప్పుడు సూర్యాపేటలో సన్మానం చేశారు. అక్కడ మా మేనత్త అందరి ముందూ అంది: "మా అన్న చిన్నదాన్ని గూడ సదివిస్తే ఇద్దరూ జడ్జీలయితుండిరి. పాపం, దీన్ని పొయ్యి కాడ కూసోబెట్టిండు."

ఏళ్లుగా ఆ మాట అందరికీ చెప్పింది నేనే. అక్క నన్నొకసారి చూసి, చాయ్ కప్పు అందుకుంది. తర్వాత పక్కకు పిలిచి అడిగాను.

"నిజం చెప్పకపోతివేందక్కా?"

"నన్నెవరడిగిండ్రే? అడగందే సాక్ష్యం చెప్పను."

"మరి నాయన పేరు?"

"అది నువ్వు సూసుకో."

నాయన అప్పటికే లేడు. నేను చూసుకోలేదు.

నిన్న కోదాడ కోర్టులో లాయర్లు సంతాప సభ పెట్టారు. ఒక పెద్ద లాయరు నన్ను పరిచయం చేస్తూ, తండ్రి చదివించక ఇంటికే పరిమితమైన సోదరి అన్నాడు. మైకు నా చేతికొచ్చింది. ఇక సాక్ష్యం అడుగుదామన్నా అక్క లేదు.

"మా నాయన పంపిండు. అక్క చదివే కాలేజీలనే నాకూ సీటొచ్చింది. హాస్టల్ల ఉండలేక అయిదో రోజుకు నేనే తిరిగొచ్చిన. ఏడుస్తుంటే బస్సెక్కించింది అక్కనే" అన్నాను.

ముందు వరుసలో మేనత్త నోరు తెరిచింది. "ఇన్నేండ్లు మా అన్నను తిట్టిపిస్తివా?"

అవునన్నాను.

బయటికొస్తే వరండాలో ఒకామె, నా ఈడుదే, నల్లకోటు మీద మరక పడకుండా ఒళ్లో తువ్వాల పరుచుకుని పెరుగన్నం తింటోంది. ఎడమచేత్తో కేసు కాగితం తిప్పుతోంది. కోర్టు హాల్లోంచి ఎవరో ఆమె పేరు పిలిచారు. మూత పెట్టి, మూతి తుడుచుకుంటూనే లోపలికి పరుగెత్తింది. ఆ తలుపు మూసుకునేదాకా అక్కడే నిలబడి చూశాను.