చెవి వెనక రూపాయి బిళ్ళంత రంగు

అది 2022 మే నెల. అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్ల గల్లీలో, ఒక జిరాక్స్ షాపు పైన మా లేడీస్ పార్లర్. మూడు కుర్చీలు, ఒక ఏసీ. అప్పటికి పద్దెనిమిదేళ్ళుగా జుట్టుకు రంగులు వేస్తున్నాను. కిటికీలోంచి చూస్తే గల్లీ నిండా ఉద్యోగాల కోసం వచ్చిన పిల్లల నల్లటి తలలు. లోపల కుర్చీల్లో మాత్రం నాలాగా యాభై దాటినవాళ్ళే ఎక్కువ.

లలిత మేడమ్ పదేళ్ళుగా నా దగ్గరికి వచ్చే మనిషి. భీమవరం వాళ్ళు, ఎస్.ఆర్. నగర్‌లో ఉంటారు, జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్తారు. మా ఇద్దరిదీ ఒకటే వయసు, రంగులో ఒకటే షేడు. మూడు వారాలకోసారి టచప్, అంటే మొదళ్ళలో తెల్లగా మొలిచిన అర అంగుళానికి రంగు వెయ్యడం. ఒకసారి కలిపిన రంగు దాచుకుంటే పనికిరాదు. అందుకని ఆవిడకు వెయ్యగా మిగిలింది నా పాపిటకు వేసుకునేదాన్ని. పదేళ్ళు మా ఇద్దరి తలలూ ఒకే గిన్నెతో నల్లబడ్డాయి.

ఆ నెలలో రంగు వేసిన మర్నాడు ఆవిడ ఫోను చేశారు. "కరుణా, కళ్ళు తెరుచుకోవట్లేదు. మొహమంతా వాచిపోయింది." యూసుఫ్‌గూడలో మా ఇంటి నుంచి ఆటోలో పరుగెత్తి, ఆవిడని పంజగుట్టలో స్కిన్ డాక్టర్ దగ్గరికి తీసుకుపోయాను. రంగు పడలేదనీ, ఇక జన్మలో వేసుకోవద్దనీ చెప్పాడాయన. తర్వాత నావైపు తిరిగి, "ప్యాచ్ టెస్ట్ చేశారా?" అని అడిగాడు.

ప్యాచ్ టెస్ట్ అంటే చెవి వెనక రూపాయి బిళ్ళంత రంగు పూసి రెండు రోజులు చూడటం. దురదో మంటో వస్తే ఆ రంగు వెయ్యకూడదు. పదేళ్ళు పడ్డది పదకొండో ఏట పడకపోవచ్చని నేర్చుకున్నదాన్నే. అయినా ఇంత పాత మనిషికి టెస్టెందుకులే అని ఊరుకున్నాను. డాక్టర్ ముందు తల దించుకున్నాను.

అలా మొదలైంది ఆవిడ తెలుపు. నెలకోసారి కటింగ్‌కి వచ్చేవారు. మొదట్లో పైన తెలుపు, కింద నలుపు, మధ్యలో స్కేలు పెట్టి కొట్టినట్టు గీత. మా పనిలో దాన్ని డిమార్కేషన్ లైన్ అంటాం. ఆ నెలల్లో ఆవిడని చూస్తే నాకు జాలి వేసేది. నిజం చెప్పాలంటే, ఆ జాలి నాకు హాయిగానే ఉండేది.

ఎనిమిదో నెలలో ఆవిడ తెగించి, మెడ పైదాకా కత్తిరించెయ్యమన్నారు. మిగిలిన నలుపంతా నేల మీద పడింది. తల ఎత్తి చూస్తే కుర్చీలో ఎవరో పెద్ద ఆఫీసరమ్మ కూర్చున్నట్టుంది. పక్క కుర్చీలో ఐబ్రోస్ చేయించుకుంటున్న అమ్మాయి, "ఆంటీ, మస్తున్నరు! మీకు గిదే సెట్టయింది," అంది. రెండేళ్ళుగా నా దగ్గరికొస్తున్న పిల్ల, ఏనాడూ నా తల వంక చూసి ఒక్క మాట అనలేదు. నాకు కడుపు మండింది.

అందం సంగతి అలా ఉంచండి. ఎవరడిగినా "డాక్టర్ వద్దన్నారండి" అని ఒక్క మాటతో ఆవిడ నోళ్ళు మూయించేవారు. నాకా వీలేది? పార్లరామె తలే నెరిస్తే ఇంక ఆ పార్లర్‌కి ఎవరొస్తారు? శనివారం ఆ మందు వాసన పీలుస్తూ రంగు వేసుకోవాలి, ఆదివారం నల్లటి తలతో చర్చికి పోవాలి. ఇప్పుడు నా ఒక్కదాని కోసం గిన్నె కలుపుకోవాలి కూడా.

నవ్వుతారేమో గానీ, ఒకరోజు నా చెవి వెనక నేనే రంగు పూసుకున్నాను, దురద రావాలని. రెండు రోజులు గంటకోసారి తడుముకున్నాను. దోమ కుట్టినంత మంట కూడా లేదు. ఆవిడ మూడు రోజులు కళ్ళు కనపడక పడుకుంటే, నేను ఆ రోగం మీద కన్నేశాను. అంత దిగజారాను.

పదో నెలలో ఒక మధ్యాహ్నం, పార్లర్‌లో ఎవరూ లేనప్పుడు ఆవిడ వచ్చారు.

"కరుణా, ఒక్కసారి రంగు వెయ్యి."

"ఏంది మేడమ్, గట్లంటరు?"

"ఎల్లుండి మా అక్క కొడుకు పెళ్ళి. నిశ్చితార్థంలో నేను పక్కన నిలబడితే, 'మీ అమ్మగారా?' అని అక్కనడిగారు. నాకంటే ఆరేళ్ళు పెద్దది అక్క!"

"మరి డాక్టర్ సాబ్ చెప్పింది?"

"వాస్తే వాచింది, మాత్ర వేసుకుంటాను. నువ్వు కాదంటే ఇంకోచోట వేయించుకుంటాను."

నా చేతులు వాటంతటవే ట్యూబు తీశాయి, డెవలపర్ కొలిచాయి. డెవలపర్ అంటే రంగు జుట్టుకు పట్టేలా చేసే మందు. కలుపుతుంటే లోపల ఎంత సంతోషంగా ఉందో చెప్పడానికి ఇప్పటికీ సిగ్గేస్తుంది. పది నెలల తెలుపు ముప్పావు గంటలో పోతుంది. ఆవిడే అడిగారు కదా, నా తప్పేముంది? మళ్ళీ నాలాగే అవుతారు.

బ్రష్ ముంచి, ఆవిడ చెవి మీది జుట్టు పక్కకి తీశాను. చెవి వెనక నల్లటి మచ్చ కనిపించింది. పోయినేడు ఆ రంగుకి పుండై మానిన చోటు. సరిగ్గా రూపాయి బిళ్ళంత ఉంది.

బ్రష్ గిన్నెలో పడేశాను.

"నేను వెయ్య మేడమ్. ఇంకోకాడికి సుత పోనియ్య."

"ఏంటి, కలిపాక వెయ్యనంటావు?"

"మీరంటె నాకు కుళ్ళు మేడమ్. మీకు దురదొచ్చింది, నాకు రాలే. జర అయితే నా కుళ్ళుకు మీ కండ్లు పోతుండె." చెవి వెనక నేను చేసుకున్న టెస్టు సంగతి కూడా చెప్పేశాను.

ఆవిడ నన్ను ఎగాదిగా చూశారు. తర్వాత కళ్ళమ్మట నీళ్ళొచ్చేలా నవ్వారు. నవ్వు ఆగాక మెల్లగా అన్నారు.

"కటింగ్‌కి వచ్చినప్పుడల్లా అద్దంలో నేను నా తల చూసుకోవట్లేదు కరుణా. వెనక నిలబడ్డ నీ తల చూస్తున్నాను. ఒకే గిన్నెలో రంగు, నీకు పడి నాకు పడలేదేంటని ఏడ్చాను. అక్క సంగతి నిజమే. కానీ నేను ఇవాళ వచ్చింది అక్కని చూసి కాదు."

 కలిపిన రంగు పారబొయ్యడం ఎందుకని నా మొదళ్ళకే వేసుకోవడం మొదలుపెట్టాను. ఆవిడని దాన్ని ముట్టుకోనివ్వలేదు. వెనక వైపు నాకు కనపడేలా చిన్నద్దం మాత్రం పట్టుకున్నారు. "ఇదిగో, ఇక్కడ తెల్లగా మిగిలిపోయింది," అని చూపించారు. ఆ పెళ్ళికి ఆవిడ తెల్లటి తలతోనే వెళ్ళారు.

అప్పటినుంచి ఎంత పాత మనిషైనా చెవి వెనక రంగు పూసి, రెండు రోజులు ఆగి చూశాకే వేస్తున్నాను. గ్లౌజులు తొడుక్కునే ముందు, ఆ మనిషి మీద నా మనసులో ఏముందో కూడా ఒకసారి చూసుకుంటాను. ఈ పనిలో రెండు టెస్టులూ కావాలని నాకు ఆ గిన్నె దగ్గరే తెలిసింది.

ఈర్ష్య పోయిందా అంటే, పోలేదు. ఆవిడ ఇప్పటికీ నెలకోసారి వస్తారు. మొన్న అద్దంలో నా తల చూసి, "ఈసారి నలుపు నీకు బాగా కుదిరిందే," అన్నారు. ఆ గొంతులో కాస్త మంట వినిపించింది. ఆ రోజంతా నాకు హాయిగా ఉంది.